కండె తిప్పే మోటారుకు నూలు బిగువు ఎట్లా తెలుస్తుంది?

పాఠకులు రాసినవాటిలో ఈసారి తీసుకున్న నాలుగు ప్రశ్నలూ మోటారు వేగం గురించే. మొదటిదానికి ఎక్కువ చోటు పోయింది. ఆ ఉత్తరం చదివాక దాన్ని పొట్టిగా తేల్చెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

ప్రశ్న: సార్, మాది ఉరవకొండ. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. నేను అనంతపురంలో ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. అమ్మ రోజంతా రాట్నం ముందు కూర్చుని కండెలు (మగ్గంలో అడ్డనూలుకు వాడే చిన్న గొట్టాలు) చుడుతుంది, భుజం నొప్పితో రాత్రి నిద్ర పట్టదు. అందుకని పాత 24 వోల్టుల డీసీ మోటారు ఒకటి కొని కదురుకు బిగించాను. 555 ఐసీతో పీడబ్ల్యూఎం సర్క్యూట్ (కరెంటును చకచకా ఇస్తూ ఆపుతూ సగటు వోల్టేజీని మార్చేది) చేసి, నాబ్ తిప్పితే వేగం మారేట్టు పెట్టాను. కానీ చిలప (నూలు లడి) ఎక్కడైనా చిక్కుపడితే మోటారు మందగిస్తుంది, చిక్కు వదలగానే ఒక్కసారిగా ఎగురుతుంది, నూలు తెగుతుంది. కండె నిండే ముందు కూడా ఎక్కువ తెగుతోంది. ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్, అంటే ఉన్న వేగాన్ని కొలిచి తనే సర్దుకునేది, పెడితే వేగం ఒకేలా ఉంటుందని క్లాసులో చెప్పారు. అది ఎట్లా చేయాలి? అమ్మ అయితే మళ్ళీ చేత్తోనే తిప్పుకుంటానంటోంది.

జవాబు: తమ్ముడూ, సర్క్యూట్ తప్పకుండా చెప్తాను, కానీ దానికంటే ముందు ఒక మాట. వేగాన్ని మాత్రమే పట్టుకునే ఫీడ్‌బ్యాక్ పెడితే మీ అమ్మకు నూలు ఇప్పటికంటే ఎక్కువ తెగుతుంది. ఇది నేను చేసి, చూసి చెప్తున్న మాట. చాలా ఏళ్ళ కిందట యాడికి అనే ఊరి వైపు ఒక మగ్గాల ఇంటికి ఇట్లాంటిదే చేసిచ్చాను. కదురును రెండు వేళ్ళతో గట్టిగా ఒత్తిపట్టినా వేగం తగ్గదు, మోటారు ఇంకాస్త బలం తెచ్చుకుని అదే వేగంతో తిరుగుతుంది. సర్క్యూట్ బ్రహ్మాండంగా వచ్చిందని ఆ రోజు ఎంత సంతోషపడ్డానో. రెండో రోజే వాళ్ళ దగ్గరి నుంచి ఫోన్, చిక్కు పడ్డ ప్రతిసారీ నూలు పుటుక్కుమంటోందని. వెళ్ళి పక్కన కూర్చుని చూస్తే అప్పుడు అర్థమైంది. చిక్కు పడినప్పుడు మామూలు మోటారు మందగిస్తుంది చూడు, నీకు అది లోపంలా కనిపిస్తోంది గానీ నూలును కొంతైనా కాపాడుతున్నది ఆ మందగించడమే. నా సర్క్యూట్ దాన్ని తీసేసింది. నూలు ఆపుతుంటే మోటారు ఇంకా లాగింది.

అదే ఇంట్లో ఒక పెద్దావిడ పక్కన చేతి రాట్నంతో చుడుతోంది. ఆమె చేతిని చాలాసేపు చూశాను. కుడి చెయ్యి చక్రం తిప్పుతోంది, ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నూలు జారుతోంది. చూపుడువేలి మీద నూలు ఒరిసి ఒరిసి సన్నటి గాడి పడిపోయింది. నూలు కొంచెం బిగిసిందో లేదో కుడి చెయ్యి నెమ్మదిస్తుంది, ఆమె చక్రం వైపు చూడను కూడా చూడదు, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ అంటే అదే తమ్ముడూ. కొలిచే పని ఎడమ చేతి వేళ్ళది, నడిపే పని కుడి చేతిది. ఆ వేళ్ళు కొలిచేది వేగాన్ని కాదు, బిగువును. మీ అమ్మ చేత్తోనే తిప్పుకుంటానంటోందంటే ఆ వేళ్ళకు తెలిసినది నీ మోటారుకు ఇంకా తెలియడం లేదని అర్థం. అందుకని మనం రెండు మెట్లుగా చేద్దాం. ముందు వేగాన్ని పట్టుకునే సర్క్యూట్, దాని మీద బిగువును చూసే సర్క్యూట్.

మొదట మోటారు ఎందుకు మందగిస్తుందో లెక్క చూడు. డీసీ మోటారు తిరుగుతున్నప్పుడు తనే జనరేటరులా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, వేగం ఎంతో ఆ వోల్టేజీ అంత. మనం ఇచ్చే వోల్టేజీలోంచి వైండింగు రెసిస్టెన్సులో పోయేది తీసేస్తే మిగిలేది ఈ ఎదురు వోల్టేజీ. నీ మోటారు వైండింగు 2 ఓములు అనుకో (మల్టీమీటరు పెట్టి షాఫ్ట్ కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసుకో, బ్రష్షు ఆనే చోటును బట్టి అంకె మారుతుంది). పీడబ్ల్యూఎం సగంలో పెడితే సగటున 12 వోల్టులు. ఖాళీగా తిరిగేటప్పుడు అర ఆంపియరు తీసుకుంటే 1 వోల్టు పోయి 11 మిగిలింది, అప్పుడు వేగం నిమిషానికి 1500 చుట్లు అనుకుందాం. లోడు పడి కరెంటు 2 ఆంపియర్లు అయిందంటే 4 వోల్టులు పోయి 8 మిగిలింది. వేగం సుమారు 1090కి పడిపోతుంది. దాన్ని మళ్ళీ 1500కు తేవాలంటే 15 వోల్టులు ఇవ్వాలి. ఆ 15 వోల్టుల మీద ఉండగానే చిక్కు ఊడి కరెంటు అర ఆంపియరుకు దిగితే? ఎదురు వోల్టేజీ 14కి వెళ్ళాలి, అంటే వేగం 1900 దాటాలి. చిక్కు వదలగానే ఎగిరే బాధ ఫీడ్‌బ్యాక్ పెట్టినంత మాత్రాన పోదని ఇప్పుడు తెలిసింది కదా, సర్క్యూట్ వెంటనే తగ్గించుకోకపోతే ఇంకా ఎక్కువ ఎగురుతుంది. పైగా ఒక్క మాస్‌ఫెట్‌తో (కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చు) నడిచే సర్క్యూట్ మోటారుకు తోపు ఇవ్వగలదు గానీ బ్రేకు వెయ్యలేదు. పీడబ్ల్యూఎం సున్నా చేసినా మోటారు తన ఊపు తగ్గేదాకా తిరుగుతూనే ఉంటుంది.

సరే, చేతిపనికి వద్దాం. 555ను పక్కన పెట్టు, అది వేగాన్ని కొలవదు, పోల్చదు. ఆర్డ్యునో ఊనో తీసుకో, ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు అది. వేగం కొలవడానికి చాలామంది గాడుల చక్రం, మధ్యలో వెలుతురు సెన్సరు పెడతారు. మగ్గాల ఇంట్లో అది నిలవదు, వారం తిరిగేసరికి నూలు పీచు పేరుకుని సెన్సరు గుడ్డిదవుతుంది. దానికంటే అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సరు మేలు, ఏ3144 అని అడుగు. కదురు వెనక చిన్న చెక్క బిళ్ళ బిగించి దాని అంచు మీద నాలుగు చిన్న అయస్కాంతాలు గుంటలు తీసి అతికించు. పైపైన అతికిస్తే 1500 వేగంలో ఊడి కంటికి తగులుతాయి, గుంటలో కూర్చోబెట్టి ఎపాక్సీ వేసి పైన నూలు చుట్టెయ్. ఈ సెన్సరు ఒక్క ధ్రువానికే పలుకుతుంది కాబట్టి నాలుగూ ఒకే ముఖం బయటికి ఉండాలి. సెన్సరు అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకు ఒక 10 కిలో ఓముల రెసిస్టరు మరిచిపోవద్దు, అది లేకపోతే పల్సే రాదు.

నిమిషానికి 1500 అంటే సెకనుకు 25 చుట్లు, నాలుగు అయస్కాంతాలతో సెకనుకు 100 పల్సులు. ఒక్కో పల్సుకు మధ్య 10 మిల్లీసెకన్లు. సెకను పాటు లెక్కపెట్టి వేగం చెప్పే పద్ధతి పెట్టుకోకు, నూలు తెగడానికి సెకను అక్కర్లేదు. రెండు పల్సుల మధ్య కాలాన్ని మైక్రోసెకన్లలో కొలువు. చేత్తో అతికించిన అయస్కాంతాలు సమానదూరంలో ఉండవు కాబట్టి నాలుగు పల్సుల మొత్తం కాలం, అంటే ఒక పూర్తి చుట్టు తీసుకుంటే అంకె నిలకడగా వస్తుంది.

మాస్‌ఫెట్ విషయంలో పిల్లలందరూ ఒకే తప్పు చేస్తారు. ఐఆర్‌ఎఫ్ 540 ఎక్కడైనా దొరుకుతుందని అది పెడతారు. దాని గేటుకు (స్విచ్చును తెరిచే కాలు) 10 వోల్టులిస్తేగానీ పూర్తిగా తెరుచుకోదు, ఆర్డ్యునో ఇచ్చేది 5. సగం తెరుచుకుని కాలిపోయేంత వేడెక్కుతుంది. ఐఆర్‌ఎల్‌జడ్ 44ఎన్ తీసుకో, అది 5 వోల్టులకే తెరుచుకుంటుంది. గేటుకు వరుసగా 150 ఓములు, గేటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓములు పెట్టు, రెండోది లేకపోతే కరెంటు వచ్చిన క్షణంలో ఆర్డ్యునో మేలుకోకముందే మోటారు తిరగడం మొదలుపెడుతుంది. మోటారుకు అడ్డంగా 1ఎన్5822 షాట్‌కీ డయోడు, గీత ఉన్న వైపు ప్లస్‌కు. బ్రష్షుల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. సెన్సరు వైర్లను మోటారు వైర్లకు దూరంగా మెలిపెట్టి లాగు, లేకుంటే బ్రష్షు నిప్పురవ్వలు దొంగ పల్సులు పుట్టిస్తాయి, సర్క్యూట్ వేగం ఎక్కువైందనుకుని ఊరికే తగ్గిస్తుంటుంది. 24 వోల్టులు నేరుగా ఆర్డ్యునోకు ఇవ్వకు, మధ్యలో వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టరు పెట్టు. మామూలు పిన్నుల మీద పీడబ్ల్యూఎం 490 హెర్ట్జ్ ఉంటుంది, మోటారు సన్నగా కూస్తుంది. అమ్మ రోజంతా పక్కనే కూర్చుంటుంది కాబట్టి ఆ కూత ఇబ్బందైతే 9వ పిన్ను టైమరును మార్చి 20 కిలోహెర్ట్జ్‌కు తీసుకెళ్ళు, చెవికి వినపడదు.

ఇక లెక్క. కావలసిన వేగంలోంచి ఉన్న వేగం తీసెయ్, అది తేడా. తేడాను ఒక అంకెతో గుణించి మోటారుకు ఇస్తే చాలనిపిస్తుంది, కానీ తేడా సున్నా అయితే మోటారుకు ఇచ్చేదీ సున్నానే కదా, అందుకని అది ఎప్పుడూ కొంచెం తక్కువ వేగం దగ్గరే ఆగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి తేడాలను కూడుకుంటూ పోయి, ఆ కూడికను ఇంకో చిన్న అంకెతో గుణించి దీనికి కలుపు. దీన్నే పీఐ కంట్రోల్ అంటారు. నువ్వు జాగ్రత్త పడాల్సింది ఈ కూడిక దగ్గరే. చిక్కు పడి కదురు ఆగిపోయిన రెండు సెకన్లలో కూడిక పెరిగి పెరిగి కొండంత అవుతుంది, చిక్కు వదలగానే అది మొత్తం మోటారు మీద పడుతుంది. కూడికకు పైహద్దు పెట్టు. పీడబ్ల్యూఎంను కూడా 65 శాతం దాటనివ్వకు. ఆ హద్దు దగ్గర కూడా, ఆగిపోయిన మోటారు 7 ఆంపియర్లకు పైనే లాగుతుంది, కాబట్టి అర సెకను పాటు ఒక్క పల్సూ రాకపోతే మోటారుకు కరెంటు ఆపేసే లైను ప్రోగ్రాములో తప్పకుండా రాయి. సెన్సరు వైరు ఊడినా ఆర్డ్యునోకు వేగం సున్నా అనే కనిపిస్తుంది, ఆ లైను లేకపోతే ఉన్న బలమంతా ఇచ్చేస్తుంది. మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఒక సెకను గడువివ్వు.

ఇది మీ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. చెనక్కాయలు ఒలిచే మిషన్‌కు ఆయిల్ ఇంజను కట్టి నడిపినవాళ్ళను అడుగు. కాయ ఎక్కువ పోయగానే ఇంజను గొంతు బరువెక్కుతుంది, రెండు క్షణాలకు డీజిల్ ఎక్కువ తీసుకుని మళ్ళీ లేస్తుంది. వేగాన్ని తనంతట తనే సర్దే గవర్నర్ పని అది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్ల గవర్నర్ పెట్టాడు, అవి ఎప్పుడు కుదురుగా ఉంటాయి, ఎప్పుడు ఊగిసలాడతాయి అని మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త 1868లో లెక్క కట్టాడు. మీ వైపు గుట్టల మీద కనిపించే కొత్త గాలిమరలు గాలి మితిమీరితే రెక్కల కోణం తిప్పుకుంటాయి, అదీ ఇదే తెలివి.

ఇప్పుడు రెండో మెట్టు, వేళ్ళ పని. చిలపకూ కండెకూ మధ్య నూలు ఒక తేలికైన పుల్ల చివర నుంచి పోవాలి. సైకిల్ స్పోకు ఒకటి తీసుకో, ఒక కొన దగ్గర ఇరుసు పెట్టి తిరిగేట్టు చెయ్, రెండో కొనకు నునుపైన పింగాణీ రింగు కట్టు, నూలు ఆ రింగులోంచి పోతుంది. పుల్లను వెనక్కి పట్టుకోవడానికి బాల్‌పెన్ స్ప్రింగు కంటే మెత్తటి స్ప్రింగు. నూలు బిగిస్తే పుల్ల ముందుకు వంగుతుంది, వదులైతే వెనక్కి వస్తుంది. ఇరుసు దగ్గర ఒక చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా ఎస్‌ఎస్49ఈ హాల్ సెన్సరు. ఇది పైన చెప్పిన 3144 లాంటి స్విచ్చు కాదు, అయస్కాంతం దూరంగా ఉంటే రెండున్నర వోల్టులు, దగ్గరికొచ్చేకొద్దీ మెల్లగా మారుతుంది, ఆర్డ్యునో దాన్ని నేరుగా చదువుతుంది. పుల్ల మధ్యలో ఉంటే వేగం 1500 కావాలని మొదటి సర్క్యూట్‌కు చెప్పు. ముందుకు వంగేకొద్దీ 1200, 800 అని తగ్గించుకుంటూ రా. పూర్తిగా వంగితే ఆపేసి అమ్మ చిక్కు విప్పేదాకా ఆగు. పూర్తిగా వెనక్కి పడిపోతే నూలు తెగిందని అర్థం, అప్పుడూ ఆపు, అమ్మ అటు తిరిగి ఉన్నా కదురు ఊరికే తిరగదు. వేగం తగ్గించేటప్పుడు వెంటనే తగ్గించు, పెంచేటప్పుడు మాత్రం రెండు మూడు సెకన్లు తీసుకుని మెల్లగా పెంచు. చిక్కు వదలగానే ఎగరడం దీనితో పోతుంది.

కండె నిండే ముందు ఎందుకు తెగుతోందో కూడా ఇక్కడే ఉంది. ఖాళీ కండె మందం 10 మిల్లీమీటర్లు, నిండాక 25 అనుకుంటే, కదురు అదే 1500 మీద తిరిగినా మొదట్లో సెకనుకు 78 సెంటీమీటర్ల నూలు పోతుంది, చివర్లో 196. రెండున్నర రెట్లు! కదురు వేగం కొలిచే సెన్సరుకు ఈ సంగతి అస్సలు తెలియదు, దానికి 1500 కనిపిస్తుంది, అంతా బాగుందంటుంది. చిలప చక్రం మాత్రం రెండున్నర రెట్ల వేగంతో కుదుపుతుంటుంది. పుల్ల పెట్టాక ఈ బాధ దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే కుదుపు పెరిగేకొద్దీ పుల్ల వంగి వేగం దిగుతుంది.

స్ప్రింగు ఎంత బిగువుండాలో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, నువ్వూ లెక్క కట్టకు. అమ్మను పక్కన కూర్చోబెట్టి, నూలు వేళ్ళలోంచి పోనిస్తూ ఎక్కడ సరిపోయిందో ఆమెనే చెప్పమను, ఆ చోట స్ప్రింగు మేకు కొట్టు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, ఇంట్లో బట్టలు కుడతాను. మిషన్‌కు మోటారు పెట్టించాను. పెడలు గట్టిగా తొక్కితే పరుగెత్తుతుంది, జీన్స్ మడతల మీద నెమ్మదిగా కుడదామంటే సూది ఆగిపోతుంది. మోటారు పాడైందా?

జవాబు: మోటారు బాగానే ఉందమ్మా. మీ పెడలు చేసేది మోటారుకు వెళ్ళే కరెంటును కోయడం ఒక్కటే, సూది తిరుగుతోందా ఆగిందా అని చూసే ఏర్పాటు అందులో లేదు. నెమ్మదిగా తొక్కినప్పుడు వేగంతోపాటు బలమూ తగ్గిపోతుంది, మడత దగ్గర ఆ బలం చాలదు. తక్కువ ఖర్చులో అయ్యేది ఒకటుంది. మోటారు మీద ఉండే చిన్న పుల్లీని ఇంకా చిన్నదానికి మార్పించండి, మిషన్ మొత్తం మీద వేగం తగ్గుతుంది గానీ సూదికి బలం పెరుగుతుంది. మడత వచ్చినప్పుడు మొదటి పోటు చేతి చక్రంతో వేసి తర్వాత తొక్కండి. జీన్స్ పనే ఎక్కువ వస్తోందంటే సర్వో మోటారు తీసుకోవడం మంచిది, అందులో వేగం చూసే సెన్సరు లోపలే ఉంటుంది, నెమ్మదిగా నడిపినా బలం తగ్గదు, కుట్టనప్పుడు కరెంటూ పెద్దగా తీసుకోదు. పెడలు మాత్రం ఇంట్లో విప్పకండి, అందులో 230 వోల్టులు ఉంటాయి.

ప్రశ్న: కర్నూలులో పాలిటెక్నిక్ చివరి సంవత్సరం. ప్రాజెక్టుకు పీఐడీతో (పీఐకి ఇంకో భాగం కలిపిన కంట్రోల్) మోటారు వేగం కంట్రోల్ చేస్తున్నాం. వేగం పైకీ కిందికీ ఊగుతూనే ఉంది, ఎన్ని అంకెలు మార్చినా ఆగడం లేదు. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కోడ్ కూడా పంపారు, మంచి పని చేశారు. మీరు సెకనుకు ఒకసారి పల్సులు లెక్కపెట్టి ఆ అంకెను పీఐడీకి ఇస్తున్నారు. మోటారు అర సెకనులోనే వేగం మార్చేసుకుంటుంది, మీకు ఆ వార్త సెకను తర్వాత అందుతుంది. నిన్నటి ఉత్తరం చదివి ఈరోజు పొలానికి నీళ్ళు పెట్టినట్టు ఉంటుంది. అంకెలు మార్చి దీన్ని బాగుచేయలేరు, కొలిచే పద్ధతి మార్చాలి, పైన ఉరవకొండ తమ్ముడికి చెప్పినట్టు పల్సుల మధ్య కాలం తీసుకోండి. తర్వాత మూడో భాగం, అదే డెరివేటివ్ (తేడా ఎంత త్వరగా మారుతోందో చూసేది), సున్నా చెయ్యండి, చిన్న మోటారు వేగానికి దానితో పెద్దగా పని ఉండదు, సెన్సరు అదురును పెద్దది చేసి చూపిస్తుంది. రెండో భాగం, అదే తేడాల కూడిక, కూడా సున్నా చేసి మొదటి అంకెను (తేడాను గుణించేది) పెంచుకుంటూ పోండి, వేగం తగ్గకుండా పెరగకుండా ఒకే లయలో ఊగే చోటు ఒకటి వస్తుంది. ఆ అంకెలో 0.45 వంతు మీ మొదటి అంకె, ఊగే కాలాన్ని 1.2తో భాగిస్తే వచ్చేది ఇంటెగ్రల్ కాలం, అంటే కూడిక భాగానికి పెట్టాల్సిన కాలం. జీగ్లర్, నికోల్స్ అనే ఇద్దరు 1942లో ఇచ్చిన పద్ధతి ఇది. దీనితో వచ్చే నడక కొంచెం దూకుడుగానే ఉంటుంది, అక్కడి నుంచి మొదటి అంకెను కాస్త తగ్గించుకోండి. రివ్యూలో ఊగే గ్రాఫూ, కుదిరిన గ్రాఫూ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ప్రశ్న: తాడిపత్రి. అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుకు సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటరు పెట్టి వేగం తగ్గించుకోవచ్చా? దానికీ ఫీడ్‌బ్యాక్ పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు. ఆ మోటారు వేగం 50 హెర్ట్జ్ కరెంటుకు కట్టుబడి ఉంటుంది, లోపల నాలుగు పోళ్ళు (అయస్కాంత ధ్రువాలు) ఉన్నదైతే నిమిషానికి 1500 చుట్లకు కొంచెం తక్కువలో, సుమారు 1440 మీద తిరుగుతుంది. వోల్టేజీ తగ్గిస్తే వేగం కొంచెం తగ్గి వేడి బాగా పెరుగుతుంది, వైండింగు మాడుతుంది, చిన్న ఫ్యాన్ రెగ్యులేటరు అంతకుముందే పోతుంది. ఒకే తగ్గింపు వేగం చాలంటే పుల్లీలు మార్చుకోండి. నాబ్‌తో మార్చుకునే వేగమే కావాలంటే అర హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారూ, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ (కరెంటు హెర్ట్జ్‌ను మార్చి వేగం మార్చే పెట్టె) కొనండి. బాగా తక్కువ వేగంలో చాలాసేపు నడిపేటట్టయితే మోటారు వెనక ఫ్యాను గాలి చాలదు, బయటి నుంచి వేరే ఫ్యాను పెట్టాలి.